చందా పుస్తకం, మినిట్స్ పుస్తకం: కాలనీ సంఘాలపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల విజయవాడ, గుంటూరు నగరాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కాలనీ సంఘాల గురించీ, వాటిలో జీతం ఆశించకుండా పనిచేసేవారి గురించీ ఉన్నాయి. ఒకే సమస్యను చెప్పిన ఉత్తరాలను కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. రాసినవారి పేర్లు, వారి సంఘాల పేర్లు వారి కోరిక మేరకు ప్రచురించడం లేదు.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు మా వీధుల్లోకి వచ్చినప్పుడు మేము పన్నెండు మందిమి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, దాతలు ఇచ్చిన పాలు, మంచినీళ్లు, మందులు ఇంటింటికీ చేర్చాము. ఆ గ్రూపు ఇప్పటికీ ఉంది. దాన్ని సంఘంగా రిజిస్టరు చేయిద్దామని కొందరు, చేయిస్తే పదవుల గొడవలు మొదలవుతాయని మరికొందరు అంటున్నారు. ఏది మంచిది?
– ఒక పాఠకుడు, అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

జవాబు: రిజిస్టరు చేయించడమే మంచిదని నా అభిప్రాయం. అయితే ఎందుకు చేయిస్తున్నారో ముందు మీ పన్నెండు మందికీ స్పష్టంగా తెలియాలి.

ఆ వరద రోజులను ఒకసారి గుర్తు చేసుకోండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదై, ఊరంతా కృష్ణమ్మ వైపు చూస్తున్న సమయంలో, బుడమేరు కట్టకు గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ నీట మునిగాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి అన్నం పొట్లాలు, పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు లారీలకెత్తుకుని వచ్చినవారు ఎందరో ఉన్నారు. అవన్నీ సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గరకు వచ్చాయి. అక్కడి నుంచి ట్రాక్టర్లు, పడవలు వెళ్లగలిగినంత మేర పంచారు. దారి పక్క ఇళ్లకు రెండు మూడు సార్లు అందిన పొట్లాలు లోపలి సందుల్లో, మేడల మీద చిక్కుకున్నవారికి ఒక్కసారైనా అందని చోట్లు ఉన్నాయి. ఇవ్వడానికి మనుషులు ముందుకు వచ్చినా, ఏ ఇంట్లో మంచం దిగలేని ముసలివారు ఉన్నారో, ఎవరికి డయాలసిస్ తప్పిపోతున్నదో, ఎవరికి నెలలు నిండాయో, ఎవరి ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పాడైపోయిందో చెప్పగలిగేవారు చాలా చోట్ల లేకపోయారు. ఆ సంగతి పక్క వీధివాళ్లకే తెలియాలి. అది రాసి పెట్టి ఉండాలి కూడా, ఎందుకంటే తెలిసిన మనిషి ఆ రోజు ఊళ్లో లేకపోవచ్చు.

మీ సంఘం మొదట చేయవలసిన పని ఇదే. వీధికి ఇద్దరు చొప్పున బాధ్యులను పెట్టుకుని, ఇంటివారి అనుమతితో ఇంటి నంబరు, ఎన్ని అంతస్తులు, ఎందరు మనుషులు, ప్రత్యేకంగా సాయం కావలసినవారు ఎవరు, బయటి ఊళ్లో ఉన్న బంధువు ఫోన్ నంబరు ఏమిటి అన్నవి ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఫోన్‌లోనే దాచుకుంటే సరిపోదు. కరెంటు పోయిన రెండో రోజుకు ఫోన్లు ఆరిపోతాయని మీకు నేను చెప్పనక్కరలేదు. ఏటా మే నెలాఖరులోగా, అంటే నైరుతి వానలు మొదలయ్యేలోపు, ఆ పుస్తకాన్ని సరిచూసుకోండి. అందులో ఇంటింటి ఆరోగ్య వివరాలు ఉంటాయి గనుక అది ఇద్దరి దగ్గరే ఉండాలి. వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు.

ఇక రిజిస్ట్రేషన్ సంగతి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు కలిస్తే సంఘం ఏర్పాటు చేసుకోవచ్చు. సంఘం పేరు, ఆశయాలు, మొదటి కార్యవర్గం వివరాలతో ఒక పత్రం, దానితోపాటు నియమావళి, అంటే బైలాస్, జిల్లా రిజిస్ట్రారుకు సమర్పించాలి. రిజిస్టరైన సంఘాన్ని చట్టం ఒక వ్యక్తిగా చూస్తుంది. సభ్యులు మారినా సంఘం ఉంటుంది, దాని పేరు మీద పాన్ కార్డు, బ్యాంకు ఖాతా ఉంటాయి. మీ ఉత్తరంలో మరో చోట, వరద చందాలన్నీ ఒక మిత్రుడి ఫోన్‌పే నంబరుకే వచ్చాయని రాశారు. ఆ మిత్రుడు ఎంత నిజాయితీపరుడైనా, నలుగురి సొమ్ము ఒకరి సొంత ఖాతాలో ఉండడం అతనికే ప్రమాదం. రేపు ఎవరైనా లెక్క అడిగినా, అతనికి జరగరానిది ఏదైనా జరిగినా, సొంత డబ్బేదో సంఘం డబ్బేదో విడదీయడం అతని భార్యాపిల్లల నెత్తిన పడుతుంది. రిజిస్ట్రేషన్‌కు ఇంతకన్నా పెద్ద కారణం అవసరం లేదు.

పదవుల గొడవలంటారా, అవి రిజిస్ట్రేషన్ వల్ల రావు. ఒకే మనిషి ఏళ్ల తరబడి కుర్చీలో ఉండిపోవడం వల్ల వస్తాయి. పదవీకాలం రెండేళ్లని, వరుసగా రెండు సార్లకు మించి ఒకే పదవిలో ఉండరాదని, కోశాధికారి, కార్యదర్శి ఒకే కుటుంబం వారై ఉండరాదని నియమావళిలోనే రాసుకోండి. సర్వసభ్య సమావేశం ఏటా జరపడం, ఆ తరువాత కార్యవర్గ సభ్యుల జాబితాను రిజిస్ట్రారుకు పంపడం మరువకండి. చాలా సంఘాలు రిజిస్టరైన ఏడాది తరువాత ఈ పని వదిలేసి, తీరా అవసరం వచ్చినప్పుడు ఇబ్బంది పడుతున్నాయి. కార్పొరేషన్‌కు గానీ, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు గానీ మురుగుకాలువ పూడిక గురించి అర్జీ పెట్టేటప్పుడు, పన్నెండు మంది సంతకాల కాగితం కన్నా తీర్మానం నకలు జత చేసిన సంఘం అర్జీకి బలం ఎక్కువ. ఇచ్చిన ప్రతి అర్జీకి రశీదు తీసుకుని ఫైలులో ఉంచండి.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. కాలువ గట్టు మీద ఉండే పిల్లలకు మా సంఘం తరఫున సాయంత్రం చదువు చెబుతున్నాము. మొదలుపెట్టినప్పుడు ఇరవై ఐదు మంది వాలంటీర్లు వచ్చారు. ఇప్పుడు నలుగురమే మిగిలాము. అడిగితే అందరూ వస్తామంటారు, రారు. మనసు కష్టంగా ఉంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: టీచరుగారూ, ఇరవై ఒక్కమంది మానేశారని బాధపడేకంటే, ఆ ఇరవై ఒక్కమందికి మనం ఏ పని అప్పగించామో ఒకసారి చూద్దాం. 'వచ్చి పిల్లలకు చదువు చెప్పండి' అన్నది పని కాదు, కోరిక. 'మంగళవారం, గురువారం ఆరు నుంచి ఏడున్నర వరకు, నాలుగో తరగతి పిల్లలు ఆరుగురికి తెలుగు చదవడం నేర్పాలి. ఈ బాధ్యత దసరా సెలవుల వరకు మాత్రమే' అన్నది పని. గడువు లేని బాధ్యతను ఉద్యోగం, ఇల్లు ఉన్న మనిషి మోయలేరు. అలా మోయలేనివారు ఆ మాట ముఖాన చెప్పడానికి మొహమాటపడి, నెమ్మదిగా రావడం మానేస్తారు. గడువు ముగిశాక పిలిచి కృతజ్ఞతలు చెప్పి, మళ్లీ చేస్తారా, కొంతకాలం విరామం కావాలా అని అడగండి. విరామం తీసుకున్నవారిలో సగం మంది తిరిగి వస్తారని నా ముప్పై ఏళ్ల అనుభవం.

ఇక్కడ 'వాలంటీర్' అనే పదం గురించి కూడా ఒక మాట. మన రాష్ట్రంలో 2019 ఆగస్టు నుంచి కొన్నేళ్లపాటు గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ నడిచింది. వారికి నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఉండేది. ఆ కారణంగా ఈనాడు మన ఊళ్లలో 'వాలంటీర్' అంటే ప్రభుత్వ పని చేసే మనిషి అనే అర్థం స్థిరపడింది. మీ కార్యకర్త గట్టు మీద ఒక ఇంటికి వెళ్లి నేను వాలంటీర్‌నని చెబితే, ఆ తల్లి పింఛను గురించో ఇంటి పట్టా గురించో అడగడం సహజం. 'సాయంత్రం బడి టీచరు' అని పరిచయం చేసుకోమనండి. పిల్లలకు కూడా ఆ పిలుపే దగ్గరగా ఉంటుంది.

రెండోది, తర్ఫీదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగినప్పుడు వచ్చిన జనాన్ని అదుపు చేసి సేవలు చేసింది దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి రామదండు అనే సేవాదళం. ఉత్సాహం ఉన్న మనుషులను పోగు చేసి వదిలేయకుండా వారికి క్రమశిక్షణ, దుస్తులు, కట్టుబాట్లు ఏర్పరచి దండుగా నిలబెట్టడం వల్లనే అది సాధ్యమైంది. మన సంఘాల్లో కొత్తగా వచ్చిన మనిషికి మొదటి రోజు ఏమి చెప్పాలో కూడా ఎవరూ అనుకోరు. డిగ్రీ చదివే అమ్మాయి ఎంతో ఇష్టంతో వస్తుంది. పదిహేను మంది పిల్లలు, మూడు తరగతులు, ఒకే బోర్డు చూసి బెదిరిపోయి రెండో వారం రాదు. అది ఆమె తప్పు కాదు. కొత్తవారిని మొదటి నాలుగు రోజులు మీ పక్కన కూర్చోబెట్టుకోండి. మీరు ఇన్నేళ్లు బడిలో నేర్చుకున్నది పిల్లలకే కాదు, ఈ కొత్త టీచర్లకూ పంచవలసిన ఆస్తి.

మీ ఉత్తరంలో ఒక వాక్యం నన్ను ఆపింది. కమిటీలో ఉన్న తొమ్మిది మందిలో మహిళ మీరొక్కరే అని, గట్టు మీద పనిచేస్తున్న నలుగురిలో ముగ్గురు మహిళలే అని రాశారు. పని చేసేవారు ఒకరు, నిర్ణయించేవారు ఒకరు అయినచోట కార్యకర్తలు నిలవరు. కమిటీ సమావేశం రాత్రి తొమ్మిదికి పెడితే వంట, పిల్లలు, వృద్ధులు చూసుకునే ఆడవారు ఎలా రాగలరు? ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు మార్చమని మీరే తీర్మానం ప్రతిపాదించండి.

పిల్లల విషయంలో మూడు జాగ్రత్తలు రాజీ పడకుండా పాటించాలి. తల్లిదండ్రుల సంతకంతో అనుమతి ఉండాలి. ఏ పెద్దవారూ పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు ఉండాలి, వారిలో ఒకరు మహిళ అయితే మేలు. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని ఏ మాత్రం తెలిసినా దాన్ని సంఘం పరువు కోసం లోపల సర్దుబాటు చేయకూడదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం దాన్ని పోలీసులకు తెలియజేయవలసిందే. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది, దాన్ని తరగతి గోడ మీద రాయించండి. నోటుపుస్తకాలు అందుకుంటున్న పిల్లల ఫొటోలు తీసి దాతలకు పంపే అలవాటు మీ సంఘానికి ఉంటే దయచేసి మానండి. చేయి చాచిన ఫొటో ఆ పిల్లవాడు పెద్దయ్యాక కూడా ఎవరి ఫోన్‌లోనో ఉంటుంది. దాతకు కావలసింది రశీదు. దానితోపాటు ఎందరు పిల్లలు చదవడం నేర్చుకున్నారో నాలుగు పంక్తుల ఉత్తరం.

ప్రశ్న: మా కాలనీ సంఘానికి ఇచ్చే చందాకు ఆదాయపు పన్నులో మినహాయింపు వస్తుందా?
– ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ

జవాబు: సంఘం రిజిస్టరైనంత మాత్రాన రాదు. ఆదాయపు పన్ను శాఖ నుంచి విడిగా, 80జి అనే పేరుతో అందరూ చెప్పుకునే ఆమోదం ఆ సంఘానికి ఉండాలి. ఆమోదం ఉన్నా 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన చందాకు మినహాయింపు లేదు. చెక్కు ద్వారా గానీ బ్యాంకు బదిలీ ద్వారా గానీ ఇవ్వాలి. బియ్యం, దుప్పట్ల వంటి వస్తువుల రూపంలో ఇచ్చినవాటికి రాదు. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే ఈ మినహాయింపు అసలే వర్తించదు. సభ్యుల సౌకర్యాల కోసమే నడిచే కాలనీ సంఘానికి ఈ ఆమోదం రావడం కష్టం గనుక, పన్ను మాట చెప్పి చందాలు అడగవద్దని మీ కార్యవర్గానికి చెప్పండి.

ప్రశ్న: మా సంఘంలో మూడేళ్లుగా సర్వసభ్య సమావేశం జరగలేదు. లెక్కలు చూపమంటే 'మమ్మల్ని అనుమానిస్తున్నారా' అని కోశాధికారిగారు నొచ్చుకుంటున్నారు. ఆయన పెద్దమనిషి, తిన్నారని నేను అనుకోవడం లేదు. కానీ వినాయక చవితి చందా, కార్తిక వనభోజనాల చందా, వీధిదీపాల చందా అన్నీ ఒకే సంచిలో ఉన్నాయి. ఏమి చేయవచ్చు?
– ఒక పాఠకుడు, కొరిటెపాడు, గుంటూరు

జవాబు: లెక్క అడగడం అనుమానించడం కాదు. ఈ ఒక్క మాట మన సంఘాల్లో నాటుకుంటే సగం సంఘాలు బతుకుతాయి. చాలా ఏళ్ల కిందట నేను ఒక సంఘానికి కార్యదర్శిగా ఉన్నప్పుడు, మా కోశాధికారి హఠాత్తుగా కన్నుమూశారు. ఆయన చేతి మీదుగా పోయిన ప్రతి రూపాయీ సక్రమంగానే ఖర్చయిందని నాకు తెలుసు. కానీ రశీదులు ఒక అట్టపెట్టెలో, చిట్టీలు మరో చోట, కొన్ని లెక్కలు ఆయన మనసులో ఉండిపోయాయి. సంవత్సరీకం నాటికి కూడా ఆ లెక్క తేలలేదు. కాలనీలో ఒకరిద్దరు అన్న మాటలు ఆ ఇంటి ఇల్లాలి చెవిన పడ్డాయి. ఆమె తన చేతి డబ్బు తెచ్చి ఇవ్వబోయిన రోజు నేను తల ఎత్తలేకపోయాను. నెలనెలా లెక్క చూపమని ఆయనను అడగకపోవడం మర్యాద అనుకున్నాను. నిజానికి ఆయనకు నేను చేసిన అన్యాయం అదే.

కాబట్టి మీ కోశాధికారిగారి దగ్గరకు ఒంటరిగా కాక, ఆయన గౌరవించే ఇద్దరు పెద్దలతో వెళ్లండి. పాత లెక్కలు నిలదీయడానికి కాక, వాటిని రాసిపెట్టడంలో సాయం చేయడానికి వచ్చామని చెప్పండి. బ్యాంకు పాసుపుస్తకం పక్కన పెట్టుకుని, మూడేళ్ల జమాఖర్చు మూడు ఆదివారాల్లో రాయవచ్చు. ఆధారం దొరకని ఖర్చులను దాచకుండా 'ఆధారం లేదు' అని రాసి, వాటిని ఆమోదించాలో లేదో సర్వసభ్య సమావేశానికే వదలండి. ఆ మీదట వీధిదీపాలకు, చవితికి, వనభోజనాలకు వేర్వేరు పద్దులు, వేర్వేరు రశీదు పుస్తకాలు పెట్టండి. చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. ప్రతి నెలా అయిదో తేదీలోగా గత నెల జమాఖర్చును నోటీసు బోర్డు మీద అంటించాలి. పది రూపాయలిచ్చిన పనిమనిషికీ, పదివేలిచ్చిన డాక్టరుగారికీ రశీదు ఒకే రకంగా ఇవ్వాలి.

ఇంత చెప్పినా వినకపోతే చట్టం మీకు దారి చూపుతోంది. నియమావళిలో ఎంతమంది సభ్యులు కోరితే ప్రత్యేక సర్వసభ్య సమావేశం పిలవాలో ఉంటుంది. ఆ సంఖ్య మేరకు సంతకాలతో లిఖితపూర్వకంగా కోరండి. సంఘ వ్యవహారాల్లో వివాదం వచ్చినప్పుడు 2001 చట్టంలోని 23వ సెక్షను కింద ఏ సభ్యుడైనా మధ్యవర్తిత్వానికి వెళ్లవచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే రేపు కూడా అదే వీధిలో ఎదురుపడవలసిన మనుషులు మీరు. కోర్టు మెట్లను చివరకే ఉంచండి.

ప్రశ్న: మా యువజన సంఘం రక్తదాతల జాబితా నడుపుతోంది. అర్ధరాత్రి ఫోన్లు వస్తాయి, జాబితాలో పదిమందికి చేస్తే ఒక్కరు దొరుకుతారు. జాబితా సరిగా ఉంచడం ఎలా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ జాబితాలో పేరు, గ్రూపు, ఫోన్ నంబరు ఉన్నాయని, చివరిసారి ఎప్పుడు ఇచ్చారన్న తేదీ లేదని మీ ఉత్తరాన్ని బట్టి అర్థమైంది. ఇబ్బందంతా అక్కడే ఉంది. ఒకసారి ఇచ్చిన మగవారు మూడు నెలల వరకు, ఆడవారు నాలుగు నెలల వరకు మళ్లీ ఇవ్వకూడదు. వయసు 18 నుంచి 65 మధ్య, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. తేదీ గడి ఒకటి చేర్చి, ప్రతి దానం తరువాత నింపితే, ఆ రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో మీకే తెలుస్తుంది.

అర్ధరాత్రి పరుగులు తగ్గాలంటే ముందుగానే బ్లడ్ బ్యాంకులో రక్తం ఉండాలి. కాలేజీలకు సెలవులిచ్చే ఏప్రిల్, మే నెలల్లో శిబిరాలు తగ్గిపోయి కొరత ఏర్పడుతుంది. మీరు శిబిరం పెట్టవలసింది అప్పుడు. ఎర్రకణాలు నిల్వ ఉండేది ఇంచుమించు 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లు 5 రోజులు మాత్రమే. నాయకుడి పుట్టినరోజున రెండు వందల మంది ఒకేసారి ఇవ్వడం కంటే, నెలకు ముప్పై మంది చొప్పున ఏడాది పొడుగునా ఇవ్వడం రోగులకు ఎక్కువ మేలు. తలసేమియా అనే పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. అలాంటి ఒక్కొక్క బిడ్డకు మీ జాబితా నుంచి పది, పన్నెండు మందిని కేటాయించగలిగితే ఆ తల్లిదండ్రులు ప్రతిసారీ తెలియని వాళ్లను బతిమాలే అవస్థ తప్పుతుంది. శిబిరం లైసెన్సు ఉన్న బ్లడ్ బ్యాంకు ఆధ్వర్యంలోనే జరగాలి. డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడం 1998 జనవరి 1 నుంచి దేశంలో నిషిద్ధం. 'దాతకు ఎంతో కొంత ఇస్తాం' అని రోగి బంధువులు ఆతృతలో అంటే, వారిని కోప్పడకుండా ఆ మాట వివరించి, ఆస్పత్రికి ఫోన్ చేసి అవసరం నిజమో కాదో తెలుసుకున్నాకే మీ వారిని పంపండి.

ప్రశ్న: మా తాతల కాలంలో స్థాపించిన పఠన మందిరం ఒకటి మా పేటలో ఉంది. సభ్యుల్లో చాలామంది కాలం చేశారు. ఉన్న ముగ్గురం డెబ్బై దాటినవాళ్లం. స్థలం మీద కొందరి కన్ను పడింది. ప్రభుత్వానికి అప్పగించేయమని సలహా ఇస్తున్నారు. మీ అభిప్రాయం?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అప్పగించే ముందు ఆరు నెలలు ఆగండి. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం బెజవాడలోనే పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివారు ఊరూరా తిరిగి పఠన మందిరాలు పెట్టించారు. 1930లలో పాతూరి నాగభూషణం గారు మీ జిల్లాలోనే కాలువల మీద పడవలో పుస్తకాలు పంపించారు. ఆ పనులన్నీ సర్కారు ఉత్తర్వులతో కాక, మీ తాతగారి వంటివారు ఇచ్చిన చందాలతో జరిగాయి. మీ మందిరం ఆ వరుసలోది.

ముందుగా స్థలం దస్తావేజు, సంఘం రిజిస్ట్రేషన్ పత్రం, పాత మినిట్స్ పుస్తకాలు, అంటే సమావేశాల తీర్మానాలు రాసుకున్న పుస్తకాలు, ఎక్కడున్నాయో వెతికి నకళ్లు తీయించండి. ముగ్గురే మిగిలిన సంఘం చేతిలో స్థలానికి రక్షణ తక్కువ గనుక, నియమావళి ప్రకారం వెంటనే కొత్త సభ్యులను చేర్చుకోండి. గుంటూరులో పోటీ పరీక్షలకు చదువుకునే యువతీయువకులకు నిశ్శబ్దంగా కూర్చునే చోటు ఎంత అవసరమో మీకు తెలుసు. హాస్టల్ గదిలో నలుగురితో ఇరుక్కుని చదివే పిల్లలకు ఒక బల్ల, ఒక ఫ్యాను, ఒక దీపం ఇస్తే వారే మందిరాన్ని ఊడ్చి, తాళం వేసి, పుస్తకాలు సర్దుతారు. వారిలో నమ్మకమైన ఇద్దరిని కార్యవర్గంలోకి తీసుకోండి.

ఆరు నెలల తరువాత కూడా నడపలేమనిపిస్తే జిల్లా గ్రంథాలయ సంస్థను కలవండి. ఇంటి పన్నుతోపాటు మనమంతా గ్రంథాలయ సెస్సు కడుతున్నాము గనుక, ఈ పేటకు ఒక శాఖ కావాలని అడిగే హక్కు మీకుంది. కానీ స్థలం ఇచ్చేముందు, అది గ్రంథాలయానికి తప్ప మరో పనికి వాడరాదన్న షరతు పత్రంలో ఉండాలి. ఒక న్యాయవాదికి చూపించకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు. ఈలోగా మీ ముగ్గురిలో చూపు బాగున్నవారు రోజుకొక గంట కూర్చుని, బీరువాల్లోని పుస్తకాలకు వరుస నంబరుతో ఒక పట్టిక రాయడం మొదలుపెట్టండి. చెదలు పట్టినవాటిని కూడా పారేయకుండా ఆ పట్టికలో చేర్చండి. వాటిలో మళ్లీ అచ్చు కానివి ఉండవచ్చు.